అన్నయ్య వేసిన పిటిషన్

మా సఫిల్‌గూడ కాలనీలో నన్ను చూడగానే అందరూ అడిగేది ఒకటే. "టీచరమ్మా, అమెరికా ఎప్పుడు?" అడిగినవాళ్లలో సగం మంది ఈలోగా వాళ్ల పిల్లల దగ్గరికి వెళ్లి, ఆర్నెల్లు ఉండి, పచ్చళ్లు అయిపోయాక తిరిగొచ్చి, మళ్లీ అదే మాట అడిగారు. మొదట్లో "త్వరలోనే" అనేదాన్ని. తర్వాత "ఏమో" అన్నాను. ఇప్పుడు నిజంగానే తేదీ వచ్చింది. వచ్చాక ఏం చెప్పాలో తెలియడం లేదు.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. మా అన్నయ్య 1993లో ఎంఎస్ చదవడానికి వెళ్లాడు. 2006లో సిటిజన్ అయ్యాడు. కాగానే చేసిన మొదటి పని అమ్మకి కాగితాలు వేయడం, రెండోది నాకు వేయడం. సిటిజన్ల తల్లిదండ్రులకు క్యూ లేదు. అమ్మకి ఏడాది తిరిగేసరికి గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. ఆవిడ ఒక్క చలికాలం చూసి, "పొద్దున లేస్తే పలకరించే మనిషి లేడు, ఇదేం దేశం బిడ్డా" అని భువనగిరి వచ్చేసింది. మళ్లీ వెళ్లనంది, వెళ్లలేదు కూడా. ఆ కార్డు బీరువాలో పాత రేషన్ కార్డు పక్కన చాలాకాలం ఉంది.

నాది తోబుట్టువుల కోటా. ఎఫ్4 అంటారు. సిటిజన్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు అందరికీ కలిపి, ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. దానిమీద మళ్లీ దేశానికో పరిమితి. కుటుంబ కోటాలూ ఉద్యోగ కోటాలూ కలిపి లెక్కేస్తే ఏ ఒక్క దేశానికీ ఏటా ఏడు శాతం, అంటే 25,620 మించకూడదు. నూట నలభై కోట్ల మంది ఉన్న మనకూ అంతే, ఐదు లక్షల మంది ఉన్న మాల్టాకూ అంతే. నేను లెక్కల టీచర్ని. ఈ లెక్క పదో తరగతి పిల్లలకు ఇస్తే, క్యూ ఎప్పటికి కదులుతుందో చెప్పమని కాదు, అసలు ఈ నియమం పెట్టినాయన ఎవరని అడుగుతారు.

పిటిషన్ వేసిన రోజే మన ప్రయారిటీ డేట్. మాది 2006 జూన్. ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ అని ఒక పట్టిక వేస్తుంది. అందులో ఎఫ్4 వరుసలో ఇండియా గడి కింద ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ మన తేదీని దాటితే మన వంతు వచ్చినట్టు. "కరెంట్ అయింది" అంటారు. మావారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆ పట్టిక చూసే పని మొత్తం ఆయనదే. సెప్టెంబరు 2005 దగ్గర అది ఎంతకాలం కదలకుండా ఉందంటే, ఔటర్ సిగ్నల్ దగ్గర ఆపేసిన ప్యాసింజరు కూడా అంతసేపు నిలబడదని ఆయనే అన్నారు. ఒక నెల వారం కదుల్తుంది, మరో నెల అసలు ఉలకదు. ఏడాదంతా చూస్తే క్యాలెండర్లో పన్నెండు నెలలు పోయి, పట్టికలో మూడు నాలుగు నెలలు కదిలిన సంవత్సరాలున్నాయి.

అది వెనక్కి కూడా పోతుంది. మా వెనక వీధి వాళ్లబ్బాయిది ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ2 కోటా. తేదీ 2014 నవంబరు. 2022 సెప్టెంబరు బులెటిన్లో ఇండియా ఈబీ2 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. వాళ్లమ్మ ఇంటింటికీ లడ్డూలు పంచింది. ఫైలు మీద సంతకం పడేలోపు ఆ ఏడాది కోటా అయిపోయింది. వాళ్ల లెక్కల సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అక్టోబరు పట్టికలో తేదీ 2012 ఏప్రిల్‌కి పోయింది, డిసెంబరులో 2011 అక్టోబరుకి. పాపం ఆవిడ లడ్డూలు పెట్టిన ఇళ్లన్నిటికీ మళ్లీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి మా వీధిలో కార్డు చేతికొచ్చేదాకా ఎవరూ నోరు విప్పరు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చినవాళ్లు సైతం ఎందుకు చేశారో చెప్పడం మానేశారు.

మేం ఉన్న ఇల్లు 2004లో కట్టాం. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు. పైన ఇంకో పోర్షన్ వేద్దామని స్లాబు మీద పిల్లర్లకు ఇనుప చువ్వలు వదిలారు. పిటిషన్ వేశాక మావారు, "ఎలాగూ పోతాం కదా, పైన కట్టి ఎవరికోసం?" అన్నారు. ఆ చువ్వలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. తుప్పు పట్టి ఎర్రగా పొరలు పొరలుగా ఊడుతుంటే, మేస్త్రి వచ్చి చూసి "కట్టాలంటే ఇవి కోసేసి కొత్తగా వెల్డింగ్ చేయాలమ్మా" అన్నాడు. బట్టలారేసే తీగ వాటికే కట్టాను. ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు కూడా అంతే, డబ్బు అవసరం పడుతుంది అమ్మేద్దామని ఒకరు, అప్పుడే ఎందుకని ఒకరు. గట్టి నిర్ణయం ఏదీ చేయలేదు. అమెరికా వాళ్లు మమ్మల్ని ఆగమని చెప్పలేదు. ఇరవై ఏళ్లు పడుతుందని కాగితం మీద దాదాపుగా చెప్పినట్టే ఉంది. ఆగింది మేమే, ప్రతి విషయంలోనూ "ఆ తేదీ రానీ" అనుకుంటూ.

ఇక పిల్లల సంగతి. అసలు ఇది రాయడం మొదలుపెట్టిందే దీనికోసం.

పిటిషన్ నా పేరు మీద. మావారూ, పెళ్లికాని, 21 ఏళ్లలోపు పిల్లలూ నాతోపాటు వస్తారు. 2006లో పెద్దదానికి పదేళ్లు, చిన్నదానికి ఐదు నిండలేదు. పెద్దది అప్పుడే అట్లాసులో న్యూజెర్సీ ఎక్కడుందో వెతికి పెన్సిల్‌తో చుట్టి పెట్టుకుంది. మామయ్య పంపిన క్రేయాన్లు వాడకుండా దాచుకుంది, "అక్కడికెళ్లాక వాడుకుంటా" అని. 21 నిండితే పేరు పోతుందని మాకప్పుడు ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి అది ఇంటర్‌లో ఉంది.

ఆ కటాఫ్ మరీ దారుణంగా ఉందని 2002లో వాళ్లే ఒక చట్టం చేశారు. చూడ్డానికి చిక్కుగా ఉంటుంది గానీ, విడదీస్తే చిన్న తీసివేతే. తేదీ వచ్చిన రోజున పిల్ల వయసెంతో చూడాలి. అందులోంచి పిటిషన్ ఆమోదం పొందడానికి పట్టిన కాలాన్ని తీసేయాలి. మిగిలింది 21 కంటే తక్కువుంటే పిల్ల ఇంకా పిల్లే. ఇక్కడొక కిటుకు ఉంది. క్యూలో నిలబడ్డ ఏళ్లు తీసేయరు. ఆఫీసులో ఫైలు ఆమోదం కోసం నలిగిన కాలం మాత్రమే తీసేస్తారు.

మాది 2006 జూన్‌లో వేస్తే 2010 జూలైలో ఆమోదమైంది. నాలుగేళ్ల పైచిలుకు. ఆ నాలుగేళ్లూ అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఆఫీసుని తిట్టేవాడు. "సోమరిపోతులు, వేరేవాళ్లవి ఆర్నెల్లలో చేసి మనది పక్కన పడేశారు" అని. ఇప్పుడు లెక్క చూడండి. చిన్నది పుట్టింది 2001 నవంబరు. మా తేదీ కరెంట్ అయ్యేనాటికి దానికి ఇరవై మూడు దాటి ఇరవై నాలుగు నడుస్తోంది. నాలుగు తీసేస్తే ఇరవై కూడా నిండలేదు. పాసైంది. ఆ ఆఫీసు మాది కూడా ఆర్నెల్లలో చేసి ఉంటే చిన్నదాని పేరు ఎప్పుడో కొట్టేసేవారు. సోమరితనమే దాన్ని నిలబెట్టింది. ఇది అన్నయ్యకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పెద్దగా నవ్వాడు.

పెద్దది పుట్టింది 1996. దానికీ అదే నాలుగేళ్లు తీసేశాం. ఇరవై ఐదు నిండాక, 2021లోనే దాని గడువు అయిపోయింది. అప్పటికి బులెటిన్ ఇంకా 2005లోనే ఉంది. నోటుబుక్కు వెనక పేజీలో ఆ తీసివేత నేనే వేశాను. ఒకటికి రెండుసార్లు వేశాను, నెలలు కూడా కలిపి. జవాబు మారలేదు. అది పక్కనే నిలబడి చూసి, "సరేలే అమ్మా, ఆ తెల్లచొక్కా అబ్బాయి ఫోటో మళ్లీ చూపించు" అంది. అప్పటికి సంబంధాలు చూస్తున్నాం. ఆ ఏడే పెళ్లయింది. ఇప్పుడు కొంపల్లిలో ఉంటుంది, ఒక బాబు. నేను గ్రీన్‌కార్డు తీసుకున్నా పెళ్లైన కూతురికి వేయడానికి వీల్లేదు. సిటిజన్ కావాలి, దానికి ఐదేళ్లు. ఆ తర్వాత వేస్తే ఇంకో క్యూ. ఆ క్యూ దాటేసరికి దాని కొడుక్కి ఇదే తీసివేత వాళ్లు వేసుకోవాలి.

చిన్నది గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. దాని తంటా వేరే. వీసా చేతికొచ్చి అమెరికాలో దిగేదాకా దానికి పెళ్లి కాకూడదు. అయితే ఆ క్షణమే పేరు పోతుంది. ఇంటికి మంచి సంబంధాలు వస్తున్నాయి. మధ్యవర్తి ఒకాయన "గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉన్న అమ్మాయి" అని మాకు చెప్పకుండా బయోడేటాలో రాసేశాడు. వారం తిరక్కుండా ఫోన్లు రెండింతలయ్యాయి. అందులో ఒకతను అమ్మాయి ఏం చదివిందని కూడా అడగలేదు, ప్రయారిటీ డేట్ అడిగాడు. అది వెళ్లాక ఇక్కడి అబ్బాయిని చేసుకుంటే ఆ అబ్బాయి మళ్లీ భర్తల కోటాలో నిలబడాలి. ఇవన్నీ రాత్రి అన్నాల దగ్గర మేం లెక్కలేస్తుంటే అది కంచం పక్కకు నెట్టి, "నన్నడిగే వేశారా పిటిషన్? నాకప్పుడు పలక పట్టుకోవడం రాదు" అంది. మావారికి కోపం వచ్చింది. నాకు రాలేదు, అది చెప్పినదాంట్లో తప్పేముంది?

ఇంకో విషయం కాలనీలో ఎవరికీ చెప్పుకోలేదు. పిటిషన్ వేసినవాళ్లు మధ్యలో చనిపోతే ఆమోదం పొందిన పిటిషన్ కూడా చెల్లకుండా పోతుంది. దయతలచి తిరిగి నిలబెట్టమని అడిగే దారి ఒకటుంది గానీ, అది పూర్తిగా వాళ్ల చేతిలో ఉన్న పని. 2018లో అన్నయ్యకి స్టెంట్ వేశారు. వదిన ఫోన్ చేసి ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక మా దూరపు బంధువు ఒకాయన, అప్పుడే ఇంట్లో కూర్చుని ఉన్నాడు, "మరి మీ ఫైలు సంగతి?" అన్నాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు ఆయన మీద పోయాలనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు ఆ ప్రశ్న నా బుర్రలోకీ వచ్చింది, అది వేరే సంగతి. నా తోడబుట్టినవాడి గుండె ఎలా కొట్టుకుంటోందో దానిమీద ఒక ఫైలు ఆధారపడి ఉందంటే ఎవరికైనా అలాంటి పాడు ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

తేదీ దగ్గరపడ్డాక కాగితాల పని మొదలైంది. నేను 1966లో భువనగిరి దగ్గర పల్లెలో పుట్టాను. మంత్రసాని చేతుల మీద. జనన మరణాల చట్టం అమల్లోకి వచ్చింది 1970 ఏప్రిల్‌లో. అంతకుముందు పుట్టినవాళ్లకి సర్టిఫికెట్ లేకపోవడం మామూలే కాబట్టి, లేదని చెప్పే ఎన్ఏబీసీ సర్టిఫికెట్ తెచ్చి, దానికి పెద్దవాళ్ల అఫిడవిట్లు జత చేయాలి. ఒక వస్తువు లేదని రాయించుకోవడం, ఉందని రాయించుకోవడం కంటే కష్టం. ఆ ఆఫీసులో గుమాస్తా రిజిస్టర్లు తిరగేసి, "మీ పేరు ఇందులో లేదమ్మా" అన్నాడు. "అదే రాసివ్వండి బాబూ" అన్నాను. "లేనిదాన్ని నేనెట్ల రాస్తా?" అన్నాడు. పై అధికారి సెలవు నుంచి వచ్చేదాకా అది తేలలేదు.

అఫిడవిట్ ఇవ్వడానికి నా పుట్టుక చూసినవాళ్లు కావాలి. మిగిలింది మా మేనత్త ఒక్కతే. ఎనభై దాటాయి. కారులో భువనగిరి నోటరీ దగ్గరికి తీసుకెళ్లాం. "గిప్పుడెందుకే నీకు పుట్టిన కాయిదం? పుట్టి అరవయ్యేండ్లాయె" అంటూనే ఎక్కింది. నోటరీ ఆయన ఇంగ్లిష్‌లో టైపు చేసింది తెలుగులో చదివి వినిపించాడు. "...నాకు వ్యక్తిగతంగా తెలుసును" అనేదాకా వచ్చేసరికి మేనత్త ఆపింది. "తెలుసుడేంది? బొడ్డు కోసేటప్పుడు దీపం పట్టింది నేనే. ఆ యేడు మా చెరువు తెగింది, తలాపున నీళ్లొచ్చినయి. అది కూడా రాయి." ఆయన రాయలేదు. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు చీర కొంగుకు తుడవకుండా నా చేతి రుమాలుకు తుడిచింది.

అన్నయ్యా నేనూ ఒక తల్లి పిల్లలమని నిరూపించడం ఇంకో గొడవ. నా పదో తరగతి మెమోలో అమ్మ పేరే లేదు, నాన్న పేరు ఒక్కటే. అన్నయ్య కాగితాల్లో అమ్మ వెంకట లక్ష్మమ్మ. ఆవిడ పాత ఓటరు కార్డులో వెంకటమ్మ. ఊళ్లో అందరూ పిలిచింది లచ్చమ్మ. ఇంటిపేరు నాకు పెళ్లితో మారింది, అన్నయ్యకి అమెరికాలో ముందుది వెనక్కి పోయింది. మూడు పేర్లూ ఒకే మనిషివని ఇంకో అఫిడవిట్. పేర్లు సాఫీగా ఉండే జాతులకు ఈ రూల్స్ రాశారేమో గానీ, మా ఊరి కోసం మాత్రం కాదు.

మూడు నెలల కింద ఫీజులు కట్టాం. మనిషికి 325 డాలర్ల చొప్పున ముగ్గురికి, పోషణ హామీ పత్రాలు చూసినందుకు ఇంకో 120. ఆ హామీ అన్నయ్య ఇవ్వాలి, మమ్మల్ని పోషించగల ఆదాయం తనకుందని. 2006లో ఆయన మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. అందుకని ఆయనతో పాటు వాళ్లబ్బాయి కూడా సంతకం పెట్టాడు. నేను లాలపోసిన పిల్లవాడు నన్ను పోషిస్తానని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చాడు. ఇంటర్వ్యూ ముంబైలో. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ కట్టారు గానీ, మా రకం వీసాలకు హైదరాబాద్ వాళ్లు ముంబై పోవాల్సిందే.

మరి వెళ్తామా? నలభై ఏళ్ల వయసులో అయితే ఎగిరి గంతేసేదాన్ని. అక్కడ లెక్కల టీచర్లకు గిరాకీ ఉందని అన్నయ్య అప్పుడు ఊరించేవాడు. ఇప్పుడు నాకు యాభై తొమ్మిది. అక్కడ 65 దాటినవాళ్లకుండే మెడికేర్‌లో, పని చేసిన చరిత్ర లేని మాలాంటివాళ్లు డబ్బు కట్టి చేరాలన్నా ముందు ఐదేళ్లు వరసగా ఉండాలి. అప్పటిదాకా ఇన్సూరెన్స్ సొంతంగా కొనుక్కోవాలి. నా షుగరు, మావారి బీపీ చూసి ఎంత అడుగుతారో అన్నయ్య కొడుకు కనుక్కుని చెప్పాడు. మావారు విని చెప్పులేసుకుని చెరువు కట్ట మీద వాకింగ్‌కి వెళ్లిపోయారు. అక్కడాయనకో ముఠా ఉంది, అందరూ రైల్వే వాళ్లే. ఆయన ఇప్పుడు అమెరికా అంటే అన్నయ్యని చూసి రావడం అంటారు. ఒకప్పుడు ఆయనే పెట్టెలు ఎన్ని కేజీలో చెప్పేవారు.

చిన్నదాని కోసమైతే వెళ్లాలి. నేను దిగకుండా అది ఒక్కతే దిగడానికి వీల్లేదు, అసలు పేరు నాది కదా. వెళ్లాలా వద్దా అన్నది దాన్నే అడిగాను, ఈసారి. నెల రోజులు ఆలోచించుకుని, "కార్డు తీసుకుంటా, అక్కడ ఉంటానో లేదో మాత్రం ఇప్పుడే అడగొద్దు" అంది. పెద్దది ఇది విని "నాకు న్యూజెర్సీ నుంచి క్రేయాన్లు పంపు" అని చెల్లెల్ని ఏడిపించింది. నవ్వుతూనే అంది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

నా రిటైర్మెంట్ 2027లో. ఇంటర్వ్యూ అంతకంటే ముందే రావచ్చు. వీసా ముద్ర పడితే మామూలుగా ఆర్నెల్లలోపు దిగాలి. ప్రభుత్వ టీచరు విదేశం పోవాలంటే ముందుగా అనుమతి కావాలి, దానికో ఫైలు, దానికో టేబులు. లీవు పెట్టి ఒకసారి దిగి రావాలా, ముందే వీఆర్ఎస్ తీసుకోవాలా అని మావారితో రోజూ వాదన. కాగితం ఇంకా హెడ్మాస్టరు గారికి ఇవ్వలేదు. మా స్కూల్లో లెక్కలకు నేనొక్కదాన్నే, పదో తరగతిలో యాభై మందికి పైగా ఉన్నారు. త్రికోణమితి మొదలే పెట్టలేదు, సంక్రాంతి సెలవులకు ముందు అది అయిపోవాలి.